చిన్న మునిసిపాలిటీ మంచి తిండి కోసం ఏం చేయగలదు? ముందు చోటు చూపించాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు సుమారు 80 వేల జనాభా ఉన్న మునిసిపాలిటీకి కొత్తగా ఎన్నికైన కౌన్సిలర్. ఊరి జనానికి తాజా కూరగాయలు అందే ధరలో దొరకాలి, పండించేవారికీ అమ్మేవారికీ అన్యాయం జరగకూడదు, మట్టీ నీరూ పాడవకూడదు అన్నది మీ ఆశ. ఆఫీసులో అడిగితే, “ఇవన్నీ రాష్ట్రం, కేంద్రం చూసుకోవాల్సిన పనులు, మన దగ్గర నిధులు లేవు” అన్నారు. అసలు మునిసిపాలిటీ చేతిలో ఏముంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు.

నా జవాబు: చోటుతో మొదలుపెట్టండి. ఊళ్ళో ఎవరు, ఎక్కడ, ఏ వేళకు, ఏ షరతు మీద కూర్చుని తిండి సరుకు అమ్ముకోవాలో తేల్చే అధికారం చాలావరకు మీ కౌన్సిల్‌దే. ఆ తరువాత బడి భోజనం మీద దృష్టి పెట్టండి. కొత్త భవనాలు, కొత్త క్యాంటీన్లు చివరికి వదిలేయండి.

నేను మునిసిపల్ ఉద్యోగంలో 31 ఏళ్ళు ఉన్నాను. బిల్లు కలెక్టరుగా చేరి, మేనేజరుగా పనిచేసి, చివరి ఏడేళ్ళు మూడు చిన్న పట్టణాలకు కమిషనరుగా ఉన్నాను. మధ్యలో రెండేళ్ళు డిప్యుటేషన్ మీద ఒక రైతు బజారులో ఎస్టేట్ ఆఫీసరు బాధ్యత కూడా చూశాను. ఇక్కడ రాస్తున్నది ఆ అనుభవంతోనే. ఒక చోట నేను చేసిన పొరపాటును కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే మీ ఊళ్ళో కూడా అదే పొరపాటుకు ఒత్తిడి వస్తుంది.

చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటారా? ఆకుకూరలు అమ్మే ఒక మహిళను తీసుకోండి. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి మొదటి బస్సుకు గోంగూర, తోటకూర, పాలకూర కట్టలు మూటగట్టుకుని వస్తుంది. ఆమెకు ఫ్రిజ్ లేదు, నీడ లేదు. పది గంటలకల్లా కట్ట వాడిపోతుంది. జనం నడిచే దారిలో నాలుగడుగుల నేల దొరికితే ఎనిమిదిన్నరకు బుట్ట ఖాళీ చేసుకుని ఇంటికి వెళ్ళి చేలో పని చూసుకుంటుంది. అదే ఏ మూలకో నెట్టేస్తే మధ్యాహ్నం దాకా కూర్చుని, సగం ధరకు కొంత ఇచ్చేసి, మిగిలినది పశువులకు వేసి వెళుతుంది. కొనేవాడికి తాజా కూర దొరకడం, ఆమెకు గిట్టుబాటు కావడం, పండినది చెత్తకుప్పలోకి పోకుండా ఉండడం, ఈ మూడూ ఆ నాలుగడుగుల నేల మీదే తేలిపోతాయి. మీరు ఏ శాఖకు ఉత్తరం రాసినా ఇంత త్వరగా ఫలితం రాదు.

ఇక నా పొరపాటు. నేను మేనేజరుగా ఉన్న పట్టణంలో మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువైందని, ఊరికి రెండు కిలోమీటర్ల అవతల కొత్త మార్కెట్ సముదాయం కట్టాము. రేకుల పైకప్పు, టైల్స్ అతికించిన అరుగులు, వరుసగా 64 అంగళ్ళు. చూడడానికి చక్కగా ఉండేది. ఒకే రాత్రిలో రోడ్డు మీది అమ్మకందారులందరినీ అక్కడికి తరలించాము. ఆ తరలింపు ఫైలు రాసింది నేనే. రెండో రోజు ఒక పెద్దావిడ నన్ను నిలదీసి, “మమ్మల్ని లారీలో తెచ్చారు బాగుంది, కొనేవాళ్ళను ఎందులో తెస్తారు సార్?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలకు పదకొండు మంది మిగిలారు. అంగళ్ళు ఉల్లిపాయల గోదాములయ్యాయి. వెళ్ళిపోయిన వారిలో కొందరు తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరగడం మొదలుపెట్టారు, కొందరు అమ్మకమే మానేశారు. మెయిన్ రోడ్డు మీద ఆ జాగాలోకి కొన్నాళ్ళకే కార్ల పార్కింగు వచ్చింది. ఆ ఫైలు మీద నా సంతకం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అప్పటికి చట్టం లేదు. ఇప్పుడు ఉంది. 2014 వీధి విక్రయదారుల చట్టం మీ చేతికి ఇచ్చినంత బలం మరే చట్టమూ ఇవ్వలేదు. కౌన్సిలర్లలో దీన్ని పూర్తిగా చదివినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ముఖ్యమైన అంశాలు చెబుతాను. సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కమిషనర్ అధ్యక్షతన పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది విక్రయదారులు తామే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. కూరగాయల వంటి పాడయ్యే సరుకును, వారు వచ్చి అడిగిన రోజునే తిరిగి ఇచ్చేయాలి. జనాభాలో రెండున్నర శాతం వరకు విక్రయదారులకు స్థలం చూపడం చట్టం పెట్టిన కొలమానం. అంటే మీ 80 వేల ఊరికి రెండు వేల మంది. మీ పట్టణ ప్రణాళిక పటంలో ఆ రెండు వేల మందికి చోటు ఎక్కడ గీశారో అడగండి.

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే మాట “సహజ మార్కెట్”. ఏళ్ళ తరబడి కొనేవారూ అమ్మేవారూ తమంతట తాము చేరే చోటు అని దాని అర్థం. గుడి ముందు, బస్టాండు పక్క, ఆసుపత్రి గేటు దగ్గర, రైల్వే గేటు అవతల. జనం నడకే వాటిని తయారుచేసింది. వాటిని గుర్తించి, అక్కడే నీళ్ళు, నీడ, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం మునిసిపాలిటీ పని.

చివరిగా పనిచేసిన పట్టణంలో నేను అలాగే చేశాను. బస్టాండు పక్క రోడ్డును తెల్లవారి 5 నుంచి 9 గంటల వరకు వాహనాలకు మూసి, కూరగాయల వాళ్ళకు ఇచ్చాము. తొమ్మిదింటికి మా పారిశుధ్య సిబ్బంది ఊడ్చేవారు, తొమ్మిదిన్నరకు బస్సులు యథాప్రకారం తిరిగేవి. ఒక్క ఇటుక పేర్చలేదు. ఖర్చల్లా సున్నపు గీతలు, రెండు కుళాయిలు, నాలుగు దీపాలు. మొదట పోలీసులు ఒప్పుకోలేదు, పక్క దుకాణాల వారు అభ్యంతరం చెప్పారు. తెల్లవారి జనం పెరగడంతో టీ, కిరాణా వ్యాపారం కూడా పెరిగి, ఆ దుకాణాల వారే తరువాత ఏర్పాటు కొనసాగించమని కౌన్సిల్‌కు వచ్చారు.

తైబజారు, అంటే సంతలో, వీధిలో అమ్మేవారి దగ్గర మునిసిపాలిటీ తరఫున వసూలు చేసే రుసుము, దాని ఫైలు తప్పకుండా చూడండి. మీ ఊళ్ళో దాన్ని ఆశీలు అంటారో, తైబజారు అంటారో, ఇంకా వసూలు చేస్తుంటే మాత్రం పేదల తిండి ధర మీద పడే మొదటి పన్ను అదే. వేలం పాటలో ఎక్కువ పాడినవాడికి వసూలు హక్కు ఇస్తాము. పాడిన డబ్బు రాబట్టుకోవడానికి వాడు తీర్మానంలోని రేటు పక్కన పెడతాడు. ఒక పట్టణంలో బుట్టకు 5 రూపాయలని మా తీర్మానం, సంతలో వసూలు చేస్తున్నది 20. బోర్డు పెట్టాము, లాభం లేదు. ఎందుకంటే అమ్మేవారిలో చాలామందికి చదువు రాదు. అప్పుడు మా ఆఫీసులో పనిచేసే ఒక అటెండరు ఉపాయం చెప్పాడు: రశీదులకు రంగులు పెట్టడం. బుట్టకు పచ్చ రశీదు, తోపుడు బండికి పసుపు, పెద్ద అంగడికి ఎరుపు, ఒక్కో రంగుకు ఒకే రేటు. పచ్చ కాగితం అంటే అయిదు రూపాయలని వారం తిరిగేలోగా సంతలో అందరికీ తెలిసిపోయింది. తలబుట్టలకు పూర్తిగా మినహాయింపు ఇవ్వగలిగితే ఇంకా మంచిది. మునిసిపాలిటీ మొత్తం ఆదాయంలో అది ఎంతో లెక్క వేయించండి, కౌన్సిల్‌లో మీ వాదన ఆ అంకెతోనే సగం గెలుస్తుంది.

చోటు ఇచ్చేటప్పుడు షరతు పెట్టవచ్చని చాలామందికి తోచదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ బ్రెజిల్‌లోని బెలో హొరిజోంతే నగరం. 1993లో పాత్రుస్ అనానియాస్ మేయరుగా ఉన్నప్పుడు, తిండి పౌరుల హక్కని ఆ నగర పాలన ప్రకటించి, దానికోసం ప్రత్యేక విభాగం పెట్టింది. వారి దగ్గరా డబ్బు కుప్పలుగా లేదు. ఆ కార్యక్రమాలన్నిటి ఖర్చు నగర బడ్జెట్‌లో రెండు శాతం లోపే. వారు వాడుకున్నది నగరానికి ఉన్న స్థలాన్ని. జనం తిరిగే మంచి కూడళ్ళలో మునిసిపల్ స్థలాన్ని కూరగాయల వ్యాపారులకు ఇచ్చారు. బదులుగా, సుమారు ఇరవై రకాల కూరగాయలు, పండ్లు నగరం నిర్ణయించిన తక్కువ ధరకు అమ్మాలన్నారు. మిగతా సరుకు వారి ఇష్టమైన ధరకు అమ్ముకోవచ్చు. అన్నిటికంటే మంచి చోటు దక్కినవారికి ఇంకో షరతు: వారాంతాల్లో సరుకు లారీలో వేసుకుని నగరం అంచున ఉన్న పేద పేటలకు వెళ్ళి అమ్మాలి. ఇంకో పక్క చుట్టుపట్ల చిన్న రైతులకు నగరం నడిబొడ్డున నేరుగా అమ్ముకునే చోట్లు చూపించారు. 2009లో ఈ విధానానికి అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మన మునిసిపల్ దుకాణాల అద్దె ఒప్పందాల్లో ఇలాంటి షరతు ఒక్కటైనా ఉందా? అద్దె ఎంత, గడువు ఎంత, ఇంతే ఉంటుంది. వచ్చేసారి వేలానికి ముందు షరతుల పేజీ తెప్పించుకుని, పది రకాల కూరగాయలకైనా ఇలాంటి నిబంధన చేర్చండి.

మన దగ్గర దీనికి దగ్గరి బంధువు రైతు బజారు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. రైతు కమీషన్ కట్టకుండా నేరుగా అమ్ముకోవడం, టోకు ధరకూ చిల్లర ధరకూ మధ్యలో ఆ రోజు ధర నిర్ణయించి బోర్డు మీద రాయడం, రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వడం దాని పద్ధతి. నడిపేది మార్కెటింగ్ శాఖ. కానీ స్థలం, చెత్త, నీళ్ళు, దీపాలు వీటన్నిటికీ మునిసిపాలిటీ వైపే చూడాలి. నేను పనిచేసిన రెండేళ్ళలో గమనించిన ఇబ్బందులు రెండు. మొదటిది, రైతు కార్డు మీద దళారి కూర్చోవడం. కార్డులో ఏ పంట ఉందో, బల్ల మీద ఏ సరుకు ఉందో పోల్చి చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వంగ తోట వేసిన వ్యక్తి పేరు మీద ఊటీ క్యారెట్ ఉండదు కదా. కార్డులను పంట కాలాన్నిబట్టి కొత్తగా పరిశీలిస్తూ ఉండాలి, ఒకసారి ఇచ్చి వదిలేయకూడదు.

రెండోది ఇంతకంటే బాధ కలిగించేది. కార్డు కావాలంటే భూమి కాగితం అడుగుతారు. కూరగాయలు పండించేవారిలో ఎంతోమంది కౌలుదారులు. పాస్‌బుక్ యజమాని పేరు మీద, చెమట కౌలుదారుది. కాగితం లేని ఆ మనిషి రైతు బజారు గేటు దగ్గరే ఆగిపోతాడు, తన సరుకును లోపల కార్డు ఉన్నవాడికి అగ్గువకు ఇచ్చి వెళతాడు. రైతు కోసం పెట్టిన చోటే రైతును గుర్తించకపోతే ఇక న్యాయం ఎక్కడిది? దీనికి దారి ఉంది. ఉద్యాన సిబ్బంది చేనుకు వెళ్ళి, నిలిచి ఉన్న పంటను చూసి, చుట్టుపక్కల రైతులను విచారించి, ఆ పంట కాలానికి తాత్కాలిక కార్డు ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద పత్రం ఉన్నవారికి ఆ పత్రమే ఆధారం చేయవచ్చు. మీ ఊరి బజారులో కౌలుదారులకు ఎన్ని కార్డులు ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు బడి భోజనం. మునిసిపాలిటీకి తిండితో పనేమిటి అని ఎవరైనా అంటే మద్రాసు చరిత్ర చెప్పండి. 1920లో మద్రాసు కార్పొరేషన్, తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు పిల్లవాడికి అణాకు మించని ఖర్చుతో ఫలహారం పెట్టాలని తీర్మానించింది. ఈ దేశంలో మధ్యాహ్న భోజనం కథ చెప్పేవారు ఆ తీర్మానం నుంచే మొదలుపెడతారు. చేసింది ఒక నగర పాలక సంస్థ, మీలాంటి కౌన్సిల్ సభ్యులే.

ఈ రోజు బడి భోజనానికి బియ్యం, వంట ఖర్చు పైనుంచి వస్తాయి. పళ్ళెంలో పడే కూర నాణ్యత మాత్రం వంట చేసే మహిళల చేతిలో ఆ రోజు నగదు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇది పుస్తకాల్లో కనబడదు. బిల్లు రెండు మూడు నెలలు ఆలస్యమైతే ఆమె కిరాణా కొట్లో అప్పు పెడుతుంది. అప్పు మీద కొనేవారికి ఎంచుకునే వీలు ఉండదు. కొట్టువాడు ముదిరిన దోసకాయ, నిన్నటి వంకాయ, బంగాళదుంప ఇస్తాడు, ధరా ఎక్కువే వేస్తాడు. పప్పు పలచబడుతుంది. పిల్లలు తినలేదని ఆమెను మందలిస్తారు.

మేము చేసింది ఇది. పట్టణ మహిళా సమాఖ్యతో మాట్లాడి, వారి పొదుపు నిధి నుంచి ఒక్కో బడి వంట బృందానికి 15 వేల రూపాయల తిరుగు నిధి ఇప్పించాము. బిల్లు వచ్చినప్పుడు తిరిగి కట్టాలి, అవసరమైతే మళ్ళీ తీసుకోవాలి. దానితో పాటు ఆకుకూరలు పండించే ఆరుగురు రైతులతో సీజను మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్నాము. వారానికి మూడు రోజులు తెల్లవారి బజారుకు వచ్చే ఆటోలోనే బడి కట్టలు కూడా వచ్చేవి. రైతుకు ధర పడిపోతుందన్న భయం లేదు, వంట చేసేవారికి అప్పు బాధ లేదు. ఆకుకూర పప్పు పెట్టిన రోజు పళ్ళేల్లో మిగిలేది తగ్గిందని వంట చేసే మహిళలే చెప్పారు. మునిసిపాలిటీ పెట్టిన డబ్బు వంటగదులకు కుళాయి, సింకు వరకే. బ్రెజిల్ ఈ బంధాన్ని 2009లో చట్టంగానే చేసింది: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల దగ్గర కొనాలని అప్పుడు అందులో రాసింది. మనకు అలాంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. మీ ఊరి బడులతో, మీ ఊరి రైతులతో మొదలుపెట్టవచ్చు.

చేపలు, మాంసం అమ్మేవారిని మరిచిపోకండి. తిండి విధానం అనగానే మనం కూరగాయల దగ్గరే ఆగిపోతాము. పేద ఇంట్లో పిల్లలకు దొరికే మంచి మాంసకృత్తులు చిన్న చేపలు, గుడ్లు, ఎప్పుడైనా కాస్త మాంసం. వాటిని అమ్మేవారికి ప్రతి ఊళ్ళోనూ మురుగు కాలువ పక్క జాగానే ఇస్తారు. నీళ్ళు ఇవ్వరు, అరుగు కట్టరు, తరువాత శుభ్రత లేదని వారినే తప్పుపడతారు. ఇందులో కులం పాత్ర ఎంత ఉందో ఆ బజారులో అయిదు నిమిషాలు నిలబడినవారికి అర్థమవుతుంది. వాలుగా కట్టిన సిమెంటు అరుగు, పారే నీరు, మూత ఉన్న కాలువ, ఐసు దించుకునే చోటు. నాలుగు నెలల్లో అయిపోయే పని ఇది. ఊరి ఆరోగ్యానికి ఎన్నో అవగాహన సదస్సులకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మార్కెట్ వ్యర్థాల గురించి క్లుప్తంగా. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల వరకు కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్, విద్యుత్తు తయారుచేస్తున్నారు. అది పెద్ద మార్కెట్‌కు తగిన యంత్రం. మీ ఊరికి కంపోస్టు గుంతలు చాలు. ఒక్క జాగ్రత్త: వ్యర్థాలను అంగడి దగ్గరే వేరు చేయించండి. ప్లాస్టిక్ కలిసిన ఎరువును ఏ రైతూ తన చేలో వేసుకోడు. మంచి కంపోస్టు తయారైతే ఉదయం కూరగాయలు తెచ్చిన ఆటోలే తిరుగు ప్రయాణంలో తీసుకెళతాయి.

సేంద్రియ కూరగాయల అంగడి పెట్టమని మిమ్మల్ని చాలామంది అడుగుతారు. పెట్టండి, కానీ పరిశీలించే ఏర్పాటు లేకుండా మునిసిపాలిటీ పేరుతో బోర్డు కట్టకండి. రైతులు బృందాలుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ధ్రువీకరణ ఉంది, అది ఉన్నవారికే ఇవ్వండి. ఒక్కరు మోసం చేసినా నిజాయితీగా పండించే మిగతావారందరి నమ్మకమూ పోతుంది.

క్యాంటీన్లు ఎందుకు చివరికన్నానో కూడా చెప్పాలి. అయిదు రూపాయల భోజనం మీద నాకు గౌరవం ఉంది. 2014 నుంచి హైదరాబాద్‌లో, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎంతమంది కూలీలు, ఆసుపత్రికి వచ్చినవారు వాటి దగ్గర కడుపు నింపుకున్నారో కళ్ళారా చూశాను. అయితే ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024లో మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ మధ్య అయిదేళ్ళు అడ్డా కూలీలు ఏం తిన్నారన్నది ఏ లెక్కలోనూ లేదు. రాష్ట్ర నిధి మీద నడిచేది రాష్ట్ర నిర్ణయంతో ఆగుతుంది. చిన్న మునిసిపాలిటీ సొంత ఖర్చుతో మొదలుపెడితే ఏడాదిలో చేతులెత్తేయాల్సి వస్తుంది, ఆశపెట్టి ఆపేయడం మొదలుపెట్టకపోవడం కంటే క్రూరం. మీరు చేయగలిగినది, క్యాంటీను వస్తే అది కూలీల అడ్డా పక్కనే, ఆసుపత్రి పక్కనే ఉండేలా స్థలం ఇవ్వడం. కేరళలో 2020లో కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల వ్యవస్థలోని మహిళలు 20 రూపాయల భోజనశాలలు నడిపినప్పుడు స్థానిక సంస్థలు స్థలం సమకూర్చి తోడు నిలిచాయి. ఆ పద్ధతి మీ సమాఖ్య మహిళలతో ఆలోచించదగినదే.

మొదటి నెలలో మీరు అడగాల్సిన కాగితాలు మూడు: పట్టణ విక్రయ కమిటీ చివరి సమావేశపు మినిట్స్, విక్రయదారుల సర్వే జాబితా, తైబజారు లేదా మార్కెట్ దుకాణాల వేలం షరతులు. కమిటీ అసలు లేదని చెబితే, ఏర్పాటు చేయమని మొదటి తీర్మానం మీరే ప్రతిపాదించండి. జాబితా ఉంటే దాన్ని చేతిలో పట్టుకుని ఒక రోజు తెల్లవారి అయిదింటికి బజారుకు వెళ్ళండి, కారులో వద్దు, నడిచే వెళ్ళండి. జాబితాలో పేరు లేకుండా కూర్చున్నవారు ఎంతమందో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టిన ప్రతి ఊళ్ళోనూ వారిలో ఎక్కువమంది బయటి పల్లెల నుంచి వచ్చే ఆకుకూరల మహిళలే. సర్వే సిబ్బంది పది గంటలకు బయలుదేరుతారు, ఆ మహిళలు తొమ్మిదింటికే వెళ్ళిపోతారు.

వేలం షరతుల పేజీ దొరికితే దాని మాటలు ఇక్కడ పెట్టండి. ఏ వాక్యం ఎక్కడ మార్చాలో చూసి చెబుతాను.